కారుకి వినైల్ స్టిక్కర్: రెడీమేడా, రేడియం షాపా, ఇంట్లో కోతా?

మా కారు బూడిద రంగు వ్యాగనార్. పెళ్లిళ్ల రోజుల్లో తెనాలిలో ఏ కల్యాణ మండపం ముందు ఆపినా అదే రంగు బండి ఇంకో రెండు మూడు కనబడతాయి. ఐదేళ్ల కిందట ఒకసారి మా అమ్మాయి వేరేవాళ్ల కారు డోరు పట్టుకుని లాగుతుంటే లోపలివాళ్లు కంగారుపడ్డారు. ఇంటికొచ్చాక "మన కారుకి ముగ్గు వెయ్యమ్మా, అప్పుడు గుర్తుపడతాను" అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా మూడుసార్లు స్టిక్కర్లు అంటించాను, రెండుసార్లు పీకాను.

మొదటిసారి పీకినప్పుడు బానెట్ మీద పడ్డ గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎండకి పెళుసైపోయిన స్టిక్కర్‌ని బ్లేడుతో గీకాను. కొన్నప్పుడు బొమ్మ ఒక్కటే చూశాను. అది ఏ షీటు, ఎన్నాళ్లుంటుంది, తీయాలంటే ఎలా వస్తుంది అని అడగలేదు. ఇప్పుడు ఎవరైనా "కారుకి ఏ స్టిక్కర్ బాగుంటుంది" అని అడిగితే, నేను ముందు అడిగేది "ఎన్నాళ్లు ఉంచుకుంటారు?" అనే. షీటు, చోటు, ఎవరు కోయాలి, అన్నీ ఆ జవాబుని బట్టే తేలతాయి.

చపాతీ షీటు, పూతరేకు షీటు

షాపులో రోల్స్ వరసగా నిలబెట్టి ఉంటే అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. తయారీలో మాత్రం రెండు జాతులు. మొదటిదాన్ని క్యాలెండర్డ్ అంటారు. మెత్తబడిన పీవీసీ (వినైల్ అంటే ఈ ప్లాస్టిక్కే) ముద్దని వేడి రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి రేకు చేస్తారు. చపాతీ ఒత్తడం లాంటిదే. ఒత్తిన చపాతీని పీట మీద వదిలేస్తే కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కదా, ఈ షీటూ అంతే. ఎండ తగిలేకొద్దీ మెల్లగా లోపలికి లాక్కుంటుంది. అంచు అర మిల్లీమీటరు లోపలికి పోయినా కింద జిగురు బయటపడుతుంది, దానికి దుమ్ము పడుతుంది, అక్షరం చుట్టూ నల్లటి గీత తేలుతుంది. నా రెండో ప్రయత్నం పాడైంది సరిగ్గా ఇలాగే.

రెండోది క్యాస్ట్. ద్రవంగా ఉన్న వినైల్‌ని పల్చగా పోసి, ఓవెన్లో ఆరబెట్టి రేకు తీస్తారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండినీళ్లతో రేకు తీస్తారే, ఆ పద్ధతి. దీన్ని ఎవరూ లాగి సాగదీయలేదు కాబట్టి వెనక్కి ముడుచుకోవడం చాలా తక్కువ. పల్చగా ఉండి డోరు వంపుల్లో చక్కగా ఒదుగుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ.

క్యాలెండర్డ్‌లో మళ్లీ మోనోమెరిక్, పాలిమెరిక్ అని రెండున్నాయి. పీవీసీ స్వతహాగా గట్టిది. అది మెత్తగా వంగాలంటే ప్లాస్టిసైజర్ కలపాలి. మోనోమెరిక్‌లో ఆ ప్లాస్టిసైజర్ అణువులు చిన్నవి, ఎండవేడికి తొందరగా బయటికి జారిపోతాయి. మిగిలేది పెళుసు రేకు. నా బానెట్ మీద ఎండిన చెరువు అడుగులా పగిలింది అదే. పాలిమెరిక్‌లో అణువులు పొడవైనవి, అంత సులువుగా కదలవు, అందుకే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

పేరున్న కంపెనీ రోల్ అయితే ఆయుష్షు కాగితం మీద ఉంటుంది. జర్మనీ కంపెనీ ఒరాఫోల్ తయారుచేసే ఒరాకల్ షీట్లే తీసుకుందాం. 651 క్యాలెండర్డ్ షీటు, మందం 63 మైక్రాన్లు. నలుపు, తెలుపు రంగులకి 6 ఏళ్లు వస్తుందంటారు. 951 క్యాస్ట్, 50 మైక్రాన్లు, అవే రంగులకి 10 ఏళ్లు. 631 గోడలకి, షోరూమ్ అద్దాలకి ఉద్దేశించింది, జిగురు తేలిగ్గా ఊడొచ్చే రకం, బయట పెడితే 3 ఏళ్లు. ఈ లెక్కల పక్కనే రెండు షరతులు ఉంటాయి: మధ్య యూరప్ వాతావరణంలో, నిలువుగా నిలబడ్డ ఉపరితలం మీద అని. మన రోహిణి కార్తె ఎండ ఆ లెక్కలో లేదు. అందుకని 6 అని రాసి ఉంటే నేను 3 అనుకుంటాను, అదీ డోరు మీద అయితేనే. బానెట్, టాప్ మీద ఎండ నిట్టనిలువుగా పడుతుంది, బానెట్‌కి కింద ఇంజిన్ వేడి కూడా తోడవుతుంది. అక్కడ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

కాబట్టి షాపువాడు "ఇంపోర్టెడ్ మెటీరియల్ మేడం" అన్నంత మాత్రాన తల ఊపకండి. రోల్ వెనక కాగితం మీద కంపెనీ పేరు, సిరీస్ నంబరు అచ్చై ఉంటాయి. తిప్పి చూపించమనండి. ఏమీ రాయని తెల్ల కాగితం అయితే అది ఒక్క ఎండాకాలం షీటు అనుకుని, దానికి తగ్గ డబ్బే ఇవ్వండి. వినాయక చవితికో పెళ్లి ఊరేగింపుకో అయితే అదీ చాలు.

ఇక ఎవరు కోయాలి?

దారులు నాలుగున్నాయి.

రెడీమేడ్ స్టిక్కర్ అన్నిటికన్నా సులువు. కారు యాక్సెసరీల షాపులో ఆంజనేయుడు, మూడు నామాలు, సిలువ, 786, "బేబీ ఆన్ బోర్డ్", అన్నీ కవర్లలో వేలాడుతుంటాయి. ఆన్‌లైన్లో ఇంకా ఎక్కువ. కానీ ఏ షీటో తెలియదు. మన డోరుకి సరిపోయే కొలత దొరకదు. ఊళ్లో ఇంకో వంద బళ్లకీ అదే ఉంటుంది. గుర్తుపట్టడానికే స్టిక్కర్ కావాలనుకున్న మా ఇంటికి ఇది పనికిరాలేదు. చిన్నది, వెనకద్దం మూలకి, రెండేళ్లకోసారి మార్చేది అయితే తీసుకోండి. అద్దం మీద అయితే బ్లేడుతో గీకినా పెయింటు భయం లేదు. వెనకద్దం లోపలివైపు డీఫాగర్ తీగలుంటే (అద్దం మీద ఆవిరి పోగొట్టే సన్నని గీతలు) మాత్రం అటువైపు బ్లేడు దగ్గరికి తీసుకెళ్లకండి, ఒక తీగ తెగితే ఆ వరస పనిచేయదు.

రెండోది రేడియం షాపు. చీకట్లో మెరిసే పాత గడియారాల అంకెలకి ఒకప్పుడు నిజంగానే రేడియం కలిపిన పెయింటు వేసేవాళ్లు. మన స్టిక్కర్లలో ఆ రేడియం ఏమీ లేదు, పేరు మాత్రం అన్ని రంగుల షీట్లకీ అంటుకుపోయింది. ఆటోల వెనక "అమ్మ దీవెన", "నాన్న కష్టం" కోసి అంటించేది వీళ్లే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పక్కపక్కనే దొరుకుతారు, మామూలు టౌన్లో బస్టాండు దగ్గరో ఆర్టీవో ఆఫీసు ఎదురుగానో ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. కంప్యూటర్లో బొమ్మలు గీసే కోరల్‌డ్రా ప్రోగ్రాం, పక్కన షీటుని కోసే ప్లాటర్ మిషను. మన బొమ్మ ఇస్తే పది నిమిషాల్లో కోసేస్తుంది. కోత చేతికోతకన్నా శుభ్రంగా వస్తుంది, మిషను మనం కొనక్కర్లేదు.

అయితే షాపుకి వెళ్లేవాళ్లలో చాలామంది చేయని పని ఒకటుంది. కోత వాళ్లచేత చేయించండి, అంటించడం మీరు చేయండి. షాపు ముందు రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నం, లారీలు పోతుంటే లేచే దుమ్ములో, కాలుతున్న డోరు మీద పాతగుడ్డతో ఒకసారి తుడిచి అంటిస్తారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి రోజుకి ఇరవై బళ్లు చూడాలి. మనకి ఉన్నది ఒక్క కారు. "అన్నా, వేస్ట్ తీసి, పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి ఇచ్చెయ్యి, ఇంట్లో అంటించుకుంటా" అంటే చాలామంది సంతోషంగా ఇస్తారు. వేస్ట్ అంటే బొమ్మ చుట్టూ మిగిలిన షీటు, ట్రాన్స్‌ఫర్ టేపు అంటే ముక్కలన్నీ చెదరకుండా ఎత్తి అంటించడానికి పైన వేసే టేపు. షీటు కూడా మనమే మంచిది ఆన్‌లైన్లో కొని పట్టుకెళ్లొచ్చు, కోతకూలి మాత్రం తీసుకుంటారు. మా కారు మీద ఇప్పుడున్న స్టిక్కర్ ఇలా వచ్చిందే.

మూడోది చేత్తో కోత. స్నాప్ బ్లేడు కట్టరు, స్టీలు స్కేలు, కింద కటింగ్ మ్యాట్ లేదా పాత అద్దం ముక్క. దీన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు గానీ, గీతలు తిన్నగా ఉండే డిజైన్‌కి ఇదే బాగుంటుంది, ఆ డిజైన్ మీ చేతిది అవుతుంది. నేను ఒకసారి ముగ్గు కోసింది ఇలాగే. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. గ్రాఫు కాగితం మీద వేసి, షీటు మీద అతికించి, రెండూ కలిపి కోశాను. చుక్కలు కలిపే ముగ్గయితే రేకులు, ఆకులు, నక్షత్రాలు విడివిడి ముక్కలుగా వస్తాయి, ఒక ముక్క పాడైనా మళ్లీ కోసుకోవచ్చు. మెలికల ముగ్గు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ వినైల్‌లో ప్రాణం తీస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల గీత మీటరు పొడవున మెలికలు తిరుగుతూ ఒకే ముక్కగా ఉంటుంది, ఎత్తేటప్పుడు ఎక్కడో ఒకచోట సాగుతుంది, సాగిన చోట ఎండకి మళ్లీ లాక్కుంటుంది. మెలికే కావాలంటే గీతలు దాటే ప్రతిచోటా రెండు మిల్లీమీటర్ల సందు వదిలి ముక్కలుగా చేయండి. పైనుంచి పోయే గీత, కిందనుంచి పోయే గీత తేడా కూడా అప్పుడే తెలుస్తుంది, ముగ్గు ఇంకా కళగా ఉంటుంది.

నాలుగోది సొంత కటింగ్ మిషను. క్రికట్, సిల్హౌట్ క్యామియో లాంటివి. మామూలుగా 12 అంగుళాల వెడల్పు దాకా కోస్తాయి. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు వాళ్లింట్లో ఒకటుంది. పిల్లల వాటర్ బాటిళ్ల నుంచి బతుకమ్మ బ్యానర్ల దాకా కోస్తుంది, ఆమెకది గిట్టుబాటు. ఒక్క కారు కోసం ఇక్కడ వేలకి వేలు పోసి కొనమని నేను చెప్పను. టీ షర్టులో, రిటర్న్ గిఫ్టులో చేసి అమ్మే ఆలోచన ఉంటే అది వేరే లెక్క. అప్పుడు మ్యాట్లు, బ్లేడ్లు మళ్లీమళ్లీ కొనాల్సి వస్తుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

రంగురంగుల ఫోటో, దేవుడి పటం లాంటివి కోతతో రావు, ప్రింటింగ్ కావాలి. ఫ్లెక్సీ ప్రింట్ చేసేచోట వినైల్ ప్రింట్ కూడా ఉంటుంది. ప్రింటైన సిరా కనీసం ఒక రోజు ఆరాక పైన లామినేషన్ వేయించండి. లామినేషన్ లేని ప్రింటు ఎండకి వెలిసిపోతుంది, తుడిచినకొద్దీ గీతలు పడుతుంది. క్యాస్ట్ షీటు మీద క్యాస్ట్ లామినేషనే వేయాలి. లేకపోతే పైది ముడుచుకుంటూ కిందదాన్ని కూడా లేపుతుంది.

తెలుగు అక్షరాల తంటా

ఇంటిపేరు, అమ్మాయి పేరు, "శ్రీ వేంకటేశ్వర ప్రసన్నం", ఏదైనా సరే తెలుగులో రాయిస్తే కారుకి వచ్చే నిండుతనం వేరు. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక్కొక్కటీ ఒక్క ముక్క. మన అక్షరాలు అలా కాదు. తలకట్టు విడిగా, గుడి విడిగా, ఒత్తు విడిగా ఉంటాయి. వేస్ట్ తీసేటప్పుడు ఆ చిన్న ముక్కలే ఊడిపోతాయి. ధ కింద ఉన్న చిన్న ఒత్తు గీత పోతే "ధనలక్ష్మి" కాస్తా "దనలక్ష్మి" అయి కూర్చుంటుంది. థ మధ్యలో చుక్క పోయినా అంతే. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ చూసి నొచ్చుకుంటారు. కోత అయిన వెంటనే, వేస్ట్ తీస్తున్నప్పుడే పక్కన నిలబడి ఒక్కో అక్షరం చదువుకోండి.

రెండో చిక్కు కంప్యూటర్లో ఉంది. మనం ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి. చాలా షాపుల్లో ఇప్పటికీ ఆ పద్ధతి పాటించని పాత అను ఫాంట్లు, పాత కోరల్ నడుస్తున్నాయి. వాట్సాప్‌లో పంపిన పేరుని అక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, లేదా "శ్రీ" విడిపోయి శ, ర ముక్కలుగా పడుతుంది. అప్పుడు అక్కడి కుర్రాడు మన పేరుని తనకి తోచినట్టు మళ్లీ టైపు చేస్తాడు. తప్పులు దొర్లేది అక్కడే. ఇంట్లోనే ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాంలో పేరు టైపు చేసి, అక్షరాలని గీతలుగా మార్చి, పీడీఎఫ్‌గానో ఎస్వీజీగానో పట్టుకెళ్లండి. గీతలయ్యాక ఫాంటు గొడవ ఉండదు.

మూడోది అసలైన ఇబ్బంది. ఫాంట్లలో అక్షరం మీద ఒత్తు, గుణింతం కాస్త ఎక్కి కూర్చుంటాయి. తెర మీద నల్లటి రంగు నింపి ఉంటుంది కాబట్టి కనబడదు. ప్లాటర్‌కి రంగు తెలియదు, అంచు గీత ఒక్కటే తెలుసు. అది రెండు అంచులనీ కోసేస్తుంది. అక్షరం మధ్యలో నిలువునా కోత పడుతుంది, అక్కడే నీళ్లు దూరి మొదట లేస్తుంది. కోసేముందు "వెల్డ్ చేశావా తమ్ముడూ" అని ఒక్క మాట అడగండి, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కిన ముక్కల్ని కలిపి ఒకే ముక్క చేశావా అని. ఇంక్‌స్కేప్‌లో అయితే అన్నిటినీ ఎంచుకుని యూనియన్ కొడితే సరిపోతుంది.

ఫాంటు కోసం డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు విడుదల చేసిన తెలుగు ఫాంట్లు చాలావరకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాకు కారు మీద బాగా నచ్చింది రామభద్ర. గీత లావుగా, ఒకే మందంగా ఉంటుంది, దూరం నుంచి చదవొచ్చు, వేస్ట్ తీయడమూ సులువు. మండలి అనే ఫాంటు పుస్తకంలో చదవడానికి హాయిగా ఉంటుంది గానీ వినైల్‌కి సన్నం. ధూర్జటి ఫాంటుని పెద్ద సైజులో అయితేనే వాడండి. ఏ ఫాంటైనా అన్నిటికన్నా సన్నని గీత మూడు మిల్లీమీటర్లకి తగ్గకుండా సైజు పెంచుకోండి. అంటే అక్షరం ఎత్తు ఐదారు సెంటీమీటర్లు ఉండాల్సి వస్తుంది, సంయుక్తాక్షరాలుంటే ఇంకాస్త ఎక్కువ.

మెరిసే షీటు, అయస్కాంతం షీటు

లైటు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ షీటులో సన్నని గాజు పూసలో, పట్టకాలో ఉంటాయి. అవి వచ్చిన వెలుగుని వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. అందుకే హెడ్‌లైటు వేసినవాడి కంటికి అంత తెల్లగా కొడుతుంది. రాత్రిపూట కాలవగట్ల మీద, లైట్లు లేని ఊరి రోడ్ల మీద తిరిగేవాళ్లకి నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. అలంకారంగా కన్నా, డోరు తెరిచినప్పుడు బయటికి కనబడే లోపలి అంచుకి ఒక ఎర్ర పట్టీ వేయించండి. వెనక వచ్చే బైకువాడు దూరం నుంచే చూస్తాడు. లారీలకి ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు అని పద్ధతి ఉంది, మన కారుకీ అదే పాటించడం మంచిది. ముందువైపు ఎరుపు మెరిస్తే ఎదుటివాడు అది బండి వెనకభాగం అనుకుంటాడు.

పేర్లకి, ముగ్గులకి మాత్రం ఈ షీటు వద్దు. గట్టిగా, పెళుసుగా ఉంటుంది, వంపుల మీద కూర్చోదు. కోసిన అంచుల్లోంచి తేమ దూరి నల్లబడుతుంది. తీసేటప్పుడు చిన్నచిన్న పెంకులుగా విరిగి వస్తుంది, ఒక సాయంత్రం మొత్తం దానికే పోతుంది.

అయస్కాంతం షీటు గురించి చాలామందికి తెలియదు. ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందంగా ఉంటుంది, దాని మీద వినైల్ అంటించి కారు డోరుకి తగిలిస్తే పట్టుకుంటుంది, కావాలన్నప్పుడు తీసేయొచ్చు. పగలు టిఫిన్ క్యారియర్ల వ్యాపారానికి, రాత్రి కుటుంబానికి ఒకే కారు వాడేవాళ్లకి, ఆఫీసు ఇచ్చిన కారు వాడేవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. ముందు ఫ్రిజ్ మీద బొమ్మ తెచ్చి ఆ చోట అంటుతుందో లేదో చూడండి. ప్లాస్టిక్ బంపరుకి, పుట్టీ పెట్టిన చోట పట్టుకోదు. వారానికోసారైనా తీసి రెండువైపులా తుడవాలి, లేకపోతే కింద నీరు, ఇసుక చేరి పెయింటుని నలుపుతుంది.

ఎక్కడ అంటించకూడదు

నంబరు ప్లేటు మీద ఏమీ వద్దు, చిన్న దేవుడి బొమ్మ కూడా వద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి, దాని మీద రిజిస్ట్రేషన్ వివరాలు తప్ప ఇంకేం ఉండకూడదు. ముందద్దం లోపల ఫాస్టాగ్, ఇంధనాన్ని బట్టి రంగు మారే హోలోగ్రామ్ స్టిక్కరు ఉంటాయి, పెట్రోలుకి లేత నీలం, డీజిలుకి నారింజ. వాటిని కప్పేలా ఏదీ పెట్టకండి.

అద్దాల సంగతి మరీ జాగ్రత్త. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ముందద్దం, వెనకద్దం గుండా కనీసం 70 శాతం, పక్కద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు పోవాలంటుంది. వెనకద్దం నిండా చిల్లుల షీటు మీద బొమ్మ ప్రింట్ చేయించుకునేవాళ్లున్నారు. లోపల్నుంచి కనబడుతుంది కదా అంటారు, కానీ చిల్లులు పోగా మిగిలిన భాగం వెలుగుని ఆపుతుంది, 70 శాతం దాటదు. వెనక కనబడక పార్కింగ్‌లో పిల్లల్ని చూడలేకపోతే ఎంత అందమైన బొమ్మ అయినా దండగే.

కారు మొత్తం వేరే రంగు షీటుతో చుట్టించాలనుకుంటే అది స్టిక్కర్ కిందకి రాదు. ఆర్సీలో రాసిన రంగు మారుతుంది కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆర్సీలో మార్పించుకోవాలి. వ్యాపార ప్రకటన వేయాలన్నా ముందు అక్కడే అడగండి. మనది కాని హోదా చూపించే "ప్రెస్", "పోలీస్", "గవర్నమెంట్" లాంటి మాటలు ఎవరెంత ముద్దుగా కోసిచ్చినా వద్దు. హెడ్‌లైటు, టెయిల్‌లైటు మీద నల్లటి షీటు, పార్కింగ్ సెన్సార్ల మీద ఏ షీటూ వద్దు.

గరుకుగా, పెయింటు లేని నల్ల ప్లాస్టిక్ మీద వినైల్ నిలవదు. కొత్తగా పెయింటు వేయించిన డోరు మీద కనీసం నెల ఆగండి. పెయింటులోంచి ఇంకా ఆవిరి వస్తుంటుంది, అది షీటు కింద బుడగలై కూర్చుంటుంది.

అంటించే రోజు

తెల్లవారి ఆరు నుంచి ఎనిమిదిలోపు, నీడలో. డోరు మీద అరచెయ్యి హాయిగా పెట్టగలగాలి. వేడిగా ఉంటే జిగురు తగిలీ తగలగానే పట్టేస్తుంది, సర్దుకోవడానికి వీలుండదు. సంక్రాంతి పొద్దుట చలి ఎక్కువుంటే ఎండ కాస్త వచ్చేదాకా ఆగండి, చల్లటి రేకుకి జిగురు సరిగా అంటదు. డాలస్‌లో మా పిన్ని కూతురు జనవరిలో అంటించినవి వారంలో లేచిపోయాయట, ఇప్పుడు గరాజ్‌లో హీటర్ పెట్టుకుని చేస్తుంది.

ముందురోజు షాంపూ నీళ్లతో కడగండి. మైనం, పాలిష్ ఉన్న షాంపూ వద్దు. పొద్దున ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆ చోటు తుడవండి. స్టిక్కర్ని ట్రాన్స్‌ఫర్ టేపుతో సహా డోరు మీద పెట్టి, మధ్యలో నిలువుగా ఒక మాస్కింగ్ టేపు కట్టండి. దూరంగా వెళ్లి చూడండి. నేల సమంగా లేకపోతే కన్ను మోసపోతుంది, అందుకే డోరు గీత నుంచి స్కేలుతో కొలవండి. సగం వెనక కాగితం తీసి కత్తిరించి, మధ్యనుంచి బయటికి స్క్వీజీతో తోస్తూ అంటించి, మాస్కింగ్ టేపు తీసి రెండో సగం అంటించాలి. స్క్వీజీ లేకపోతే పాత ఏటీఎం కార్డుకి మెత్తటి బట్ట చుట్టండి. చివర్లో ట్రాన్స్‌ఫర్ టేపు తీసేటప్పుడు చిన్న ఒత్తులు దానితో లేచొస్తుంటే చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్ది, టేపుని వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగండి.

పెద్ద ముక్కకి సబ్బునీళ్లు చల్లి అంటించే పద్ధతి ఉంది. రెండు చుక్కల బేబీ షాంపూ కలిపిన నీళ్లు చల్లితే జరుపుకోవడానికి వీలవుతుంది. జిగురులో గాలి పోయే సన్నని కాలవలున్న షీటుకి మాత్రం నీళ్లు వాడకూడదు, నీరు ఆ కాలవల్లో చిక్కుకుంటుంది. నీళ్లతో అంటిస్తే టేపు తీయడానికి గంటైనా ఆగాలి. నా ఓటు చిన్నవాటికి పొడి పద్ధతికే. రెండు డోర్ల మధ్య సందు మీదుగా డిజైన్ పోతుంటే, సందు దగ్గర బ్లేడుతో షీటుని మాత్రం కోసి రెండు మిల్లీమీటర్లు లోపలికి మడవండి. తర్వాత మూడు రోజులు కారు కడగకండి. ఆ తర్వాత కూడా ప్రెషర్ వాష్ గన్‌ని అంచు మీదకి ఎక్కుపెట్టనివ్వకండి.

అయితే నేనేం తీసుకోమంటాను

సొంత కారు, ఇంకో నాలుగైదేళ్లు వాడతారు, పేరో ముగ్గో డోరు మీద కావాలి అంటే క్యాస్ట్ షీటు మీరు కొనండి, రేడియం షాపులో కోయించండి, ఇంట్లో అంటించండి. కాస్త ఖర్చైనా మళ్లీ మళ్లీ చేసే పని తప్పుతుంది. రంగు నలుపో తెలుపో అయితే ఇంకా మంచిది, ఎరుపు, గులాబీ రంగులు ఎండకి ముందు వెలుస్తాయి. మా బూడిద కారుకి తెల్ల ముగ్గు పెట్టాం, అచ్చం వాకిట్లో ముగ్గులాగే ఉంటుంది.

రెండేళ్లలో కారు అమ్మేసేలా ఉంటే పాలిమెరిక్ చాలు, చిన్నది, డోరు కింద భాగంలో. పెద్ద స్టిక్కరు ఏళ్ల తరబడి ఉంటే దాని కింద పెయింటు కొత్తగా, చుట్టూ పెయింటు వెలిసిపోయి ఉంటాయి. తీశాక కూడా బొమ్మ నీడ కనబడుతుంది. ముదురు ఎరుపు, నీలం కార్ల మీద మరీనూ. కొనేవాడు దాన్ని చూపించి ధర తగ్గిస్తాడు. పిల్లలు తమ చేత్తో చేయాలని ముచ్చటపడితే గోడలకి వాడే 631 లాంటి షీటు తెచ్చి చేతికోత చేయించండి, వాళ్ల అభిరుచి మారేలోపు తేలిగ్గా ఊడొస్తుంది.

తీసే రోజు వచ్చినప్పుడు బ్లేడు వద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ ముక్కని వేడిచేసి, మూల గోటితో లేపి, డోరుకి దాదాపు ఆనుకున్నట్టు వెనక్కి మడిచి మెల్లగా లాగండి. నిలువుగా బయటికి లాగితే తెగుతుంది. లాగుతున్న చోటుకి ముందే వేడి తగులుతూ ఉండాలి. మిగిలిన జిగురుకి నీలగిరి తైలం అద్ది పది నిమిషాలు వదిలి, మెత్తటి గుడ్డతో తుడిస్తే ఉండలు కట్టి వస్తుంది. తర్వాత షాంపూ నీళ్లు. రెండోసారి నేను ఇలాగే తీశాను. రెండు గంటలు పట్టింది, మా అమ్మాయి డ్రయ్యర్ పట్టుకుంది, డోరు మీద ఒక్క గీత పడలేదు.